ఏనుగుకి ఎడమవైపు స్టీరింగ్

మీలో ఎవరికైనా పాత ఫిల్ములు చూసి వివరాలు రాసే ఉద్యోగం దొరికితే నాదొక్క మాట వినండి. ముందు మనుషుల చేతులు చూడండి. బండ్లు, విమానాలు, భవనాలు ఎక్కడికీ పోవు, తరువాత చూద్దురుగాని. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్లు పనిచేసి, రిటైర్మెంటుకి పది రోజుల ముందు నాకు నేనే తెలుసుకున్నాను. అప్పుడు తెలిసి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

నేను పనిచేసిన చోటు అమెరికాలో, షామ్‌బర్గ్‌ ఊరికి అరగంట దూరం. పాత సినిమాల ముక్కలు, న్యూస్‌రీళ్లు, వారసులు వద్దనుకున్న డబ్బాలు కొని, చల్లటి గదుల్లో భద్రపరిచి, డాక్యుమెంటరీలు తీసేవాళ్లకి అద్దెకిచ్చే కంపెనీ అది. నేను సినిమావాణ్ణి కాను. వాళ్ల డేటాబేస్ బాగుచెయ్యడానికి ఆరు నెలల కాంట్రాక్టు మీద వెళ్లాను. వెళ్లి, డేటాబేస్ శుభ్రంగానే ఉంది, అందులో మీరు ఎక్కించిన వివరాలే తప్పుల తడక అని చెప్పాను. అయితే నువ్వే సరిచెయ్యి అన్నారు. నా నోటి పుణ్యమా అని ఆరు నెలలు కాస్తా ఇరవై రెండేళ్లయ్యాయి.

జూలై ఎండల్లో కూడా కోటు వేసుకుని చేసే ఉద్యోగం. పాడవుతున్న ఫిల్ము వెనిగర్ కంపు కొడుతుంది. ఆ కంపు చొక్కాకి పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. "ఏ ఊరగాయ జాడీలో కాపురం చేసొచ్చారు?" అని మా ఆవిడ గరాజ్‌లోనే చొక్కా విప్పించేది.

మా సూపర్‌వైజర్ పోలాండ్ నుంచి వచ్చిన కుటుంబం పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నాకంటే రెండేళ్లే చిన్న. ఆవిడ ప్రతివాడికీ మొదటి రోజే చెప్పే సూత్రం ఒకటుంది: కంటితో చూసింది రాయి, చెవితో విన్నది రాయకు. తండ్రి తాతలు చెప్పారని, డబ్బా మీద రాసి ఉందని ఏదీ ఎక్కించకూడదు. తెర మీద ఏది కనిపిస్తే అదే. ఇరవై రెండేళ్లూ ఆ సూత్రం నాకు అన్నం పెట్టింది. నన్ను ముంచింది కూడా ఆ సూత్రమే.

డబ్బా మీద ఏమీ రాసిలేని రీలు వస్తే అది ఏ కాలానిదో, ఏ దేశానిదో తేల్చాలి. అందుకు బండ్లు పనికొస్తాయి. విమానాశ్రయం రీళ్లయితే అక్కడి ఫైరింజన్లు ఇంకా బాగా పనికొస్తాయి. కానీ పాత బ్రిటిష్ ఫైరింజన్లతో నానా చావు. రెండో ప్రపంచయుద్ధం తరువాత వాళ్లు చేసిన బండ్లు సగం ప్రపంచానికి అమ్మారు. ఒకే బండి ఒక సినిమాలో లండన్‌లో, ఇంకో సినిమాలో ఆఫ్రికాలో, మరో సినిమాలో పేరులేని ఏదో దేశంలో కనిపిస్తుంది. పైగా సినిమావాళ్లు వాటికి రంగులు మార్చేస్తారు. రెండు వారాలు పుస్తకాలు తిరగేసి, ఇంటర్నెట్‌లో ఈ బండ్ల పిచ్చోళ్లందరినీ అడిగి, వాళ్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటుంటే మధ్యలో నిలబడి, చివరికి ఒక వాక్యం రాసేవాణ్ణి.

అలాంటి రెండు వారాల కష్టంలో ఉండగా ఒక శనివారం ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. నేను ప్రసాదం చేతిలో పట్టుకుని మూల కూర్చుని ఫోన్‌లో ఆ బండి ఫొటోనే చూస్తున్నాను. పక్క కుర్చీలో ఎనభై దాటిన పెద్దాయన. తెల్ల లాల్చీ, కాళ్లకి మాత్రం నిగనిగలాడే నల్ల బూట్లు. అందరూ గుమ్మంలో చెప్పులు వదిలితే ఈయన వదల్లేదు. ఫోన్‌లోకి తొంగిచూసి, "ఆయ్, దాని చక్రాలు ఆరాండీ, నాలుగాండీ?" అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను. "ఆరు కనబడుతున్నాయండి."

"నెత్తి మీద తొండం ఉందా? నురగ కొట్టేది?"

"ఉంది."

"గంటా, సైరనా?"

"గంట."

"అయితే మన ఏనుగే," అని చేతిలో ప్రసాదం నోట్లో వేసుకున్నారు. అంతే. నాకు రెండు వారాలు పట్టిన పని అరనిమిషంలో అయిపోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు.

ఆయన దక్షిణాదిలో ఒక విమానాశ్రయంలో ముప్పయ్యారేళ్లు ఫైర్ సర్వీసులో చేశారు. అందులో పదిహేనేళ్లు డ్రైవరు. అప్పట్లో అక్కడున్నవన్నీ బ్రిటిష్ బండ్లే. భార్య పోయాక ఆరేళ్లుగా కూతురి దగ్గర షామ్‌బర్గ్‌లో ఉంటున్నారు. బండ్ల కంపెనీల పేర్లు నేనిక్కడ రాయను, ఆయనా ఎప్పుడూ వాడలేదు. వాళ్ల స్టేషన్‌లో ఆరు చక్రాల పెద్ద బండి ఏనుగు. బ్రేక్ వేస్తే తలూపుతూ గంట మోగించే పాత బండి గంగిరెద్దు. ముందు పరుగెత్తి వెళ్లే చిన్న బండి కోడిపుంజు. నా డేటాబేస్‌లో కంపెనీ పేర్ల పక్కన ఈ పేర్లు కూడా ఎక్కించాను. మా సూపర్‌వైజర్ నోరు తిరక్క "గంగీ, గంగీ" అని పిలిచేది.

ఆవిడే ఆయన్ని గురువారాలు రమ్మంది. కూతురు తన ఆఫీస్‌కి వెళ్తూ డ్రాప్ చేసేది. మెడలో విజిటర్ కార్డు తగిలించుకుని, నేనిచ్చిన కోటు వేసుకుని, బూట్లు టకటకలాడిస్తూ వచ్చి కూర్చునేవారు. ఆ బూట్లు గుమ్మం దగ్గర వదలని అలవాటు గురించి అడిగాను. "ముప్పయ్యారేళ్లు బూట్లు కాళ్లకుండగానే నిద్రపోయానండీ. గంట కొడితే మూడు నిమిషాల్లో రన్‌వే చివర ఉండాలి. లేసులు కట్టుకుంటూ కూర్చుంటే అవతల జనం పోతారు," అన్నారు.

నాకు ఆయన నేర్పిన పద్ధతి ఇది: "బండి మొహం చూసి గుర్తుపట్టకండీ. మొహాలన్నీ మోసం, రంగేస్తే మారిపోతాయి. చక్రాలు లెక్కెట్టండి. నెత్తి మీద ఏముందో చూడండి. ఇంజన్ ముందుందో వెనకుందో పొగ చూసి చెప్పండి. ఆఖర్న మొహం." ఆ ఏడాది మేం అరవైకి పైగా రీళ్లు తేల్చాం. తేల్చాం అంటున్నాను, తేల్చింది ఆయన. నేను టైపు కొట్టాను.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. నాలో కొంచెం మంట ఉండేది. ఇరవయ్యేళ్లుగా ఆ గదిలో అన్నీ తెలిసినవాణ్ణి నేనే. ఇప్పుడు సూపర్‌వైజర్ లోపలికి రాగానే నన్ను దాటి ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లేది. రెండుసార్లు ఆవిడ ముందే నేను రాసిన పాత వివరాలు తప్పని తేల్చారాయన, పాపం మెత్తగానే. "మీ తప్పు కాదండీ, పొగ ఎక్కువుంది కదా," అన్నారు. నేను నవ్వాను గానీ ఇంటికొచ్చి మా ఆవిడ మీద విసుక్కున్నాను.

రెండో ఏడాది ఆయన మతిమరుపు మొదలైంది. లేదా అప్పటికే ఉన్నది మాకు తెలియడం మొదలైంది. ఒక గురువారం నా పేరు మర్చిపోయి "ఆఫీసరుగారూ" అన్నారు. ఇంకోరోజు ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టి బయట వాకింగ్‌కి వెళ్లిపోయారు. గిన్నె మాడి, అలారం మోగి, ఫైరింజన్ వచ్చింది. కూతురు ఆఫీసు నుంచి పరుగెత్తుకుని వచ్చేసరికి ఈయన లాన్‌లో నిలబడి, హోస్ పైపు అలా విప్పకూడదని ఆ అమెరికన్ ఫైర్‌మెన్‌కి తెలుగులో పాఠం చెబుతున్నారట. ఆ కథ చెప్పి కూతురు నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ రోజే ఆ అమ్మాయి నాతో అసలు విషయం మాట్లాడింది. పార్కింగ్ లాట్‌లో, కారు ఇంజన్ ఆపకుండా.

"అన్నయ్యగారూ, డాక్టర్ నాన్నని మెమరీ కేర్ హోమ్‌లో చేర్చమంటున్నారు. నాకు ఇష్టం లేదు. కానీ పగలంతా నాన్న ఒక్కరే ఉంటారు కదా. ఇప్పుడు కొత్తగా లేనివి కూడా చెప్తున్నారు. ఏదో ఇంగ్లీష్ సినిమాలో తాను ఫైరింజన్ నడిపానంటారు. అమ్మ ఉంటే అడిగేదాన్ని. నేనెప్పుడూ వినలేదు. డాక్టర్ అదే నోట్ చేసుకున్నారు, ఊహించుకుంటున్నారని."

వెనక సీట్లో ఆమె కూతురు, హైస్కూల్ పిల్ల, చెవిలోంచి ఇయర్‌బడ్ తీసింది. "తాత లై చెయ్యడు అంకుల్. తాతకి అన్నీ తెలుసు."

"అబద్ధమని ఎవరన్నారే?" అని కూతురు కసిరి, మళ్లీ నావైపు తిరిగింది. "మీ దగ్గర ఇన్ని సినిమాలున్నాయి. ఒక్కసారి వెతికి చూడరా? ఆ ఒక్కటి నిజమని తేలితే చాలు. నాన్న బుర్ర నేననుకున్నంత పాడవలేదని ధైర్యం వస్తుంది. ఎవరినైనా పగలు ఇంట్లో పెట్టుకుని ఇంకొన్నాళ్లు లాక్కొస్తాను. ప్లీజ్ అన్నయ్యగారూ."

సరేనన్నాను. మీరైనా అంటారు.

తరువాతి గురువారం పెద్దాయన్ని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక ఇంగ్లీషు సినిమా కంపెనీ వాళ్ల విమానాశ్రయానికి వచ్చి నాలుగు రోజులు షూటింగ్ చేసిందట. రన్‌వే చివర పాత విమానం డొల్ల ఒకటి తగలబెట్టారట. ఏనుగుని తీసుకుని దూసుకువెళ్లాలి, ఆపాలి, నురగ కొట్టాలి. "ఆరుసార్లు నడిపించారండీ. తలుపు మీద మా ఎయిర్‌పోర్టు పేరుందని దాని మీద తెల్ల రంగు పూసేశారు. కథలో అది వేరే దేశమంట. సినిమా మా ఊరు రానేలేదు. నేనూ చూళ్లేదు," అన్నారు.

ఆయన చెప్పిన గుర్తుల్ని బట్టి వెతికితే మూడు వారాలకి ఒక రీలు దొరికింది. డబ్బా మీద "విమాన ప్రమాదం, ఇతరములు" అని మాత్రమే ఉంది. చల్లటి గదిలోంచి తీసిన ఫిల్ముని ఒకరోజంతా సంచిలోనే ఉంచి మామూలు వేడికి రానివ్వాలి. ఆ రోజంతా నాకు ఊపిరాడలేదు. మర్నాడు పొద్దున్నే చూశాను. తలుపు మీద తెల్ల రంగు. ఆరు చక్రాలు, తొండం, గంట. గాలిలో గంతేసినంత పనిచేశాను. అప్పుడే కొంచెం పరీక్షగా చూస్తే స్టీరింగ్ ఎడమవైపు ఉంది.

నేను తొందరపడలేదు. అదే నా గొప్ప అనుకున్నాను. ఫిల్ముని తిరగేసి ఎక్కిస్తే అద్దంలో చూసినట్టు అంతా తారుమారవుతుంది. అది తెలుసుకోవడానికి ఫిల్ము అంచున ఫ్యాక్టరీవాళ్లు అచ్చువేసిన సన్నటి అక్షరాలు చూడాలి. భూతద్దం పెట్టి చూశాను. అక్షరాలు చక్కగా, సరైన వైపే ఉన్నాయి. ఫిల్ము సరిగ్గానే ఎక్కించాను. అంటే స్టీరింగ్ నిజంగానే ఎడమవైపు ఉంది.

అయినా పెద్దాయనకి అన్యాయం జరగకూడదని ఒక పరీక్ష పెట్టాను. సినిమా చూపించకముందే ఆయనతో చెప్పించి కాగితం మీద రాసుకున్నాను.

"స్టీరింగ్ ఎటువైపు బాబాయిగారూ?"

"అదేం ప్రశ్నండీ బాబూ! కుడివైపు. మన దేశంలో ఇంకెటుంటుంది?"

"గంట?"

"నాకెడమపక్క. తాడు నా పక్కన కూర్చున్నవాడు లాగేవాడు."

"బండికి ఇంకేమైనా గుర్తులున్నాయా?"

సిగ్గుపడుతూ నవ్వారు. "ఎడమవైపు మడ్‌గార్డుకి సొట్ట. నేనే ఆయిల్ ట్యాంకర్‌కి గుద్దేశాను. రిపోర్టులో మాత్రం అడవిపంది అడ్డొచ్చిందని రాశాం."

అప్పుడు ఫిల్ము వేశాను. రన్‌వే అవతల పొగ. ఎడమనుంచి కుడికి ఏనుగు దూసుకొచ్చింది. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడిపోయింది. "ఇదేనండీ! నా బండే! నా తల్లే!" అని రెండు చేతులూ జోడించారు. కళ్లవెంట నీళ్లు.

నేను బండి బాగా కనిపించేచోట బొమ్మని ఆపాను. కాగితం ఆయన ముందు పెట్టాను.

"స్టీరింగ్ చూడండి బాబాయిగారూ."

ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎడమపక్కుందేంటండీ?"

"గంట కుడివైపు ఉంది. సొట్ట కూడా కుడివైపు మడ్‌గార్డుకే ఉంది. మీరు చెప్పింది మూడింటికి మూడూ తేడా వచ్చాయి. ఎడమవైపు స్టీరింగంటే ఇది అమెరికాలో చేసిన బండి అయ్యుండాలి. చూడ్డానికి మీ ఏనుగులాగే ఉంది, అంతే."

మూడు తప్పులూ ఒకే రకం తప్పులని నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. ముప్పయ్యేళ్లుగా ఈ దేశంలో ఎడమవైపు కూర్చుని డ్రైవ్ చేస్తున్నవాణ్ణి. ఎడమవైపు స్టీరింగున్న బండి నా కంటికి తప్పుగా అనిపించలేదు. తప్పంతా ఆ ముసలాయన బుర్రలోనే కనిపించింది. ఇంకా చెప్పాలంటే, ఈసారి నేను రైటు ఆయన రాంగు అని లోపలెక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. అది రాయకుండా వదిలేస్తే ఈ జ్ఞాపకం రాయడమే దండగ.

ఆయన కుర్చీ లేపి మళ్లీ కూర్చున్నారు. రెండు చేతులూ గాలిలో స్టీరింగ్ పట్టుకున్నట్టు పెట్టారు. కుడి మోచెయ్యి కిటికీ మీద ఆనించినట్టు పక్కకి వచ్చింది. ఆ మోచేతి వంక చూసుకున్నారు. తెరవంక చూశారు. మళ్లీ మోచేతి వంక.

"మరి ఈ మోచెయ్యి ఎందుకండీ ఇలా గుర్తుంది?"

"ఏ లారీయో, బస్సో నడిపినప్పటిది అయ్యుంటుంది బాబాయిగారూ. అవీ ఇవీ కలిసిపోయి ఉంటాయి."

"అంతేనంటారా?"

"అంతే."

"మీరు చెప్తే అంతేనండీ," అన్నారు. "మీరు కంటితో చూసి చెప్పేవారు. నాదేముంది, పాడైపోయిన బుర్ర."

ఆ సాయంత్రం కూతురికి మెయిల్ రాశాను. మర్యాదగా, జాలిగా, తప్పులేని ఇంగ్లీషులో. ఆ సినిమాలో ఉన్నది మీ నాన్నగారి బండి కాదు, అక్కడ తీసినదీ కాదు అని. డేటాబేస్‌లో "అమెరికాలో తయారైన విమానాశ్రయ ఫైరింజన్" అని ఎక్కించాను.

తరువాతి గురువారం ఆయన వచ్చారు. ఒక న్యూస్‌రీలు వేశాను. చిన్నపిల్లాడైనా చెప్పగల గంగిరెద్దు. ఆయన చూసి, "ఏమోనండీ," అన్నారు. ఇంకోటి వేశాను. "మీరే చూసి చెప్పండి. నేను చెప్తే ఏది ఎటు పోతుందో," అన్నారు. మధ్యాహ్నం దాకా ఒక్క బండి పేరు కూడా చెప్పలేదు. ఆ తరువాతి వారం రాలేదు. నెల తిరక్కుండా హోమ్‌లో చేరారని మా ఆవిడ ఎవరి ద్వారానో విని చెప్పింది. అయ్యో అనుకున్నాను. ఎలాగూ జరిగేదే కదా అని సర్దిచెప్పుకున్నాను కూడా.

ఏడు నెలలు గడిచాయి. నా రిటైర్మెంటుకి పది రోజులుంది. ఎవరో డాక్యుమెంటరీవాళ్లు విమాన ప్రమాదాల బొమ్మలు అడిగారు. ఆ రీలులో ఆ షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొలిచి ఇవ్వాలి. అప్పుడే మొదటిసారి దాన్ని చివరిదాకా చూశాను. అంతకుముందు ఎప్పుడూ బండి బాగా కనిపించేచోట ఆపేసేవాణ్ణి. నాకు కావాల్సింది బండే కదా.

బండి ఆగింది. వెనక మెట్టు మీద నిలబడ్డ ఫైర్‌మ్యాన్ ఒకడు కిందికి దూకాడు. ఎదురుగా ఆఫీసరు వేషం వేసిన నటుడు. ఫైర్‌మ్యాన్ నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఎడమ చేత్తో.

యూనిఫాం వేసుకున్నవాడు ఎవడూ ఎడమ చేత్తో సెల్యూట్ కొట్టడు. కొట్టమన్నా చెయ్యి లేవదు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. ముందు షాట్‌లో ప్రమాదమైన విమానం ఎడమనుంచి కుడికి జారుతుంది. దాని వెంటపడాల్సిన ఫైరింజన్ కుడినుంచి ఎడమకి వస్తుంటే చూసేవాడికి అది పారిపోతున్నట్టుంటుంది. అందుకని ఎడిటర్ ఆ ఒక్క షాట్‌ని ల్యాబ్‌లో అద్దంలోలా తిప్పించి కొత్త ఫిల్ము మీద అచ్చువేయించాడు. కొత్త ఫిల్ము కాబట్టి అంచున అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, లోపల బొమ్మ మాత్రం తిరగబడింది. పేరు చదివి పట్టుకుందామంటే తలుపు మీద పేరే లేదు. ఇలా చేస్తారని నాకు తెలియదా? తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి నేనే క్లాసు చెప్పాను.

కంప్యూటర్‌లో బొమ్మని తిప్పడానికి ఒక్క మీట నొక్కాలి. నొక్కాను. సెల్యూట్ కుడిచేతికి వచ్చింది. స్టీరింగ్ కుడివైపుకి, గంట ఎడమవైపుకి, సొట్ట ఎడమ మడ్‌గార్డుకి వచ్చి కూర్చున్నాయి. డ్రైవరు కుడి మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని ఉన్నాడు. సన్నటి మీసం, మెరిసే కళ్లు. ఫైల్‌లోంచి ఆనాటి కాగితం తీసి చూశాను. ఆయన జవాబులు మూడూ ఉన్నాయి. మూడింటి పక్కనా నేను ఎర్రపెన్నుతో పెట్టిన ఇంటూలు ఉన్నాయి. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఏడ్చాను. సూపర్‌వైజర్ వచ్చి ఏమైందని అడిగితే తెర చూపించాను. ఆవిడ కాసేపు చూసి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

కూతురికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"ఇప్పుడు చెప్తున్నారా అన్నయ్యగారూ?"

"నన్ను తిట్టమ్మా."

"తిట్టి ఏం చెయ్యను? మీ ఒక్క మెయిల్ చూసి డిసైడ్ చెయ్యలేదు. డాక్టర్ టెస్టులున్నాయి, పొయ్యి సంగతి ఉంది. ఎలాగైనా ఏదో ఒకరోజు జరిగేదేమో. కానీ నేను పంపలేదు అన్నయ్యగారూ. నాన్నే వెళ్తానన్నారు. మీరు ఆ సినిమా చూపించిన గురువారం ఇంటికొచ్చి, అమ్మా, నా మీద నాకే నమ్మకం పోయింది, నన్ను ఎక్కడైనా చేర్చెయ్యి అన్నారు. ఎంత చెప్పినా వినలేదు."

ఆ ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని హోమ్‌కి వెళ్లాను. దారిలో ఏం చెప్పాలో వందసార్లు అనుకున్నాను. మిమ్మల్ని నమ్మకపోవడం నా పొరపాటు, మీ బుర్ర బంగారం, నా కళ్లే గుడ్డివి. ఇవన్నీ తెలుగులో ఎలా చెప్తే ఆయనకి ఎక్కుతుందో అని వెతుక్కున్నాను.

కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. చాలా చిక్కిపోయారు. కాళ్లకి నల్ల బూట్లు లేవు. జారకుండా అడుగున రబ్బరు చుక్కలున్న సాక్సులు తొడిగారు. నన్ను చూసి మర్యాదగా నమస్కారం పెట్టారు, కొత్తవాళ్లకి పెట్టినట్టు.

"బాబాయిగారూ, మీకొక సినిమా చూపిద్దామని వచ్చాను," అన్నాను.

"చూపించండి బాబూ."

సరిచేసిన బొమ్మ వేశాను. పొగలోంచి ఏనుగు వచ్చింది, ఈసారి కుడినుంచి ఎడమకి. ఆయన ముందుకు వంగారు. కుడి మోచెయ్యి ఒళ్లోంచి లేచి కుర్చీ చేతి మీదికి వెళ్లి, కొంచెం బయటికి నిలబడింది. ఆయనకి తెలియకుండానే వెళ్లింది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఇది మీ బండే కదండీ?"

"కాదండీ." నిదానంగా, నాకు నచ్చజెపుతున్నట్టు అన్నారు. "నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆఫీసులో ఒకాయనున్నారు. పెద్ద చదువు చదివినాయన. ఆయన కంటితో చూసి, కాదని చెప్పారు."

"ఆయన తప్పు చెప్పారు బాబాయిగారూ. ఆయన సరిగ్గా చూడలేదు. ఇది మీ బండే. నడుపుతున్నది మీరే."

ఆయన నావైపు చూశారు. ఆ చూపులో మొదటిసారి కోపం కనిపించింది.

"అలా అనకండీ. ఆయన తప్పు చెప్పే మనిషి కాడు."

మళ్లీ వేశాను. మళ్లీ వేశాను. మూడోసారి ఆయన చిన్నగా నవ్వారు. మోచెయ్యి అలాగే ఉంది.

"బండి మాత్రం భలేగా ఉందండీ," అన్నారు. "ఎవడో గానీ, బాగా నడుపుతున్నాడు."